ఇంటికో మోపు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టగానే ఏ రాజ్యం అని అడిగేవాళ్ళు ఒకరు తప్పకుండా ఉంటారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆ రాజ్యం పేరు పొన్నగల్లు. ఎక్కడుందని మాత్రం అడగకండి, అది నాకూ తెలీదు.

పొన్నగల్లును కీర్తిచంద్ర భూపతి ఏలుతుండేవాడు. మంచివాడే. తాగుబోతు కాడు, క్రూరుడు కాడు, ఒకరి సొమ్ముకు ఆశపడేవాడు కాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. రాజ్యంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా అది తానే తీర్చాలి, తాను తప్ప మరొకరు తీర్చకూడదు. వందిమాగధులు ఈ సంగతి కనిపెట్టి ఆపద్బాంధవ, అనాథనాథ, సకలజనకష్టహర అని బిరుదులు చదువుతుంటే రాజుగారు కళ్ళు మూసుకుని వినేవాడు. చివరి బిరుదు దగ్గరికి వచ్చేసరికి ఇంకోసారి చదవమని సైగ చేసేవాడు.

ఆయన కొలువులో తిప్పన అని ఒకడుండేవాడు. తాఖీదులు రాయడం అతని ఉద్యోగం. రాజాజ్ఞ ఏదైనా అతని గంటం కిందినుంచే బయటికి పోవాలి కాబట్టి, ఏ ఆజ్ఞలో ఎంత పస ఉందో అందరికంటే ముందు అతనికే తెలిసేది. తెలిసింది కడుపులో దాచుకోలేకపోవడం అతని జబ్బు. ఇలా ఇద్దరు రోగిష్టులూ ఒకే కొలువులో ఉండేవాళ్ళు.

ఒక వేసవిలో రాజుగారు తాటివలస మీదుగా వెళుతూ ఒక వింత చూశాడు. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ తాటాకువే. ఎండలు ముదిరితే ఏటా ఏదో ఒక ఇల్లు అంటుకునేది. అంటుకున్న మర్నాడు పొద్దున్నే ఇంటికొకడు చొప్పున తలా ఒక తాటాకు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. వాళ్ళలో వాళ్ళకి పాత తగాదాలున్నా సరే, మోపు మాత్రం ఆగేది కాదు. సాయంత్రానికి ఇల్లు లేచి నిలబడేది. కాలిన ఇంటివాళ్ళు చేయాల్సిందల్లా వచ్చినవాళ్ళకి ఇంత అంబలి పోయడం. దానికి ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు 'ఇంటికో మోపు'.

ఇంకొకరైతే చూసి ముచ్చటపడేవాళ్ళు. రాజుగారికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

"నేను బతికుండగా నా ప్రజలు ఒకరి దగ్గరొకరు ఆకు అడుక్కుంటున్నారా?" అన్నాడు.

పక్కనే మంత్రి దండపాణి ఉన్నాడు. నిప్పు కనిపిస్తే నెయ్యి పోసే రకం. "ప్రభూ, ఇది ఏలినవారికి జరిగిన అవమానమే" అన్నాడు.

కోటకు తిరిగి రాగానే తాఖీదు పుట్టింది. నేటినుంచి ఆపదుద్ధరణ శాఖ అని కొత్త శాఖ. ఇల్లు కాలినా, గోడ కూలినా, దారి తెగినా, మనిషి గోతిలో పడినా శాఖకు విన్నపం పెట్టుకోవాలి. శాఖవారే వచ్చి ఉద్ధరిస్తారు. ఇరుగుపొరుగువారు చెయ్యి వేస్తే అది రాజుగారి చెయ్యిని తోసెయ్యడంతో సమానం, కాబట్టి మూడు రోజులు చెరసాల. రాజ్యంలోని తాటితోపులన్నీ శాఖ అధీనం, శాఖ ఆజ్ఞ లేకుండా ఎవరూ ఆకు కొయ్యరాదు. ముద్ర వేసిన ఇంకో తాఖీదు వస్తే తప్ప ఈ తాఖీదు చెల్లకుండా పోదు. ఆ చివరి మాట దండపాణి చేర్పించాడు.

తిప్పన అంతా రాసి, గంటం కింద పెట్టి అడిగాడు. "ప్రభూ, ఎవరైనా తుమ్మితే పక్కవాడు చిరంజీవ అంటాడు. అదీ సాయం కిందికే వస్తుందా?"

రాజుగారు నవ్వలేదు. దండపాణి మాత్రం గంభీరంగా ఆలోచించి, "దాని సంగతి రెండో తాఖీదులో చూద్దాం" అన్నాడు.

మొదట్లో జనం భయపడి చేతులు కట్టుకున్నారు. తరవాత తరవాత అలవాటైపోయింది. మనిషి స్వభావం తెలిసిందే కదా, పని తప్పించుకోవడానికి రాజాజ్ఞ కూడా తోడైతే ఇక చెప్పేదేముంది. తాటివలస ముందు ఒక పల్లం ఉంది. ఏటా మృగశిర కార్తె రాకముందే ఊరంతా కలిసి అందులో గులకరాళ్ళు పోసి, పైన తాటిదుంగలు పరిచి దారి చేసుకునేవాళ్ళు. మరుసటి ఏడు ఎవరూ పలుగు పట్టలేదు. శాఖ ఉంది కదా అనుకున్నారు. శాఖలో ఉన్నవాళ్ళు విన్నపం రాలేదు కదా అనుకున్నారు.

ఆ ఏడే చైత్రమాసంలో పైడమ్మ ఇల్లు కాలింది. పైడమ్మ తాటిచాపలు అల్లుకుని బతికే మనిషి, మగదిక్కు లేదు. ఒక్కగానొక్క కూతురు నూకాలుకి అప్పుడు ఏడో నెల. తొలిచూలు, పుట్టింటికి పురిటికి రావాలి. రావడానికి పుట్టిల్లేది? పైడమ్మ వేపచెట్టు కింద నాలుగు చాపలు కట్టుకుని శాఖకు విన్నపం పెట్టుకుంది.

నెలరోజులకి శాఖవాడొకడు వచ్చాడు. ఇల్లు కాలిందనడానికి ఆధారమేమిటన్నాడు. బూడిద చూపించింది. ఇది పొయ్యి బూడిద కాదని రుజువేమిటన్నాడు. ఇల్లెంత ఉంటే బూడిద ఎంత ఉండాలో ఒక లెక్క ఉందట, తూచాలన్నాడు. తూచేవాడు ఇంకో నెలకి వచ్చేసరికి వైశాఖ మాసపు గాలికి బూడిద కాస్తా కొట్టుకుపోయింది. బూడిద లేదు గనక ఇల్లు కాలలేదని రాసుకుని వెళ్ళిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

పైడమ్మ ఇక ఆగలేక రెండామడలు నడిచి కోటకు వచ్చి, తాఖీదు రాసినవాడు ఎవరో వెతుక్కుంటూ తిప్పన ఇంటి అరుగు మీద కూర్చుంది.

"మీ ఊరివాళ్ళు ఊరుకున్నారా అమ్మా?" అన్నాడు తిప్పన మంచినీళ్ళిచ్చి.

"ఊరోల్లనేటనకు బాబూ. ఆల్లకి సేతులున్నాయి, మీరే కట్టేసినారు. ఒకరిద్దరు చెరసాలకి పోనా పరవానేదు అన్నారు. పోనీ అనుకుంటే ఆకేదీ? తోపు సుట్టూ బల్లేలట్టుకుని నిలబడ్డారు. కోసినదంతా బళ్ళకెత్తి మీ కోటలో పడేసినారట."

అది నిజమే. కోట కొట్లలో తాటాకు కొండలా పేరుకుపోయి ఉంది. ఒక్కో మోపు కదలడానికి ఒక్కో ఆజ్ఞ కావాలి, ఆజ్ఞ రాయడానికి శాఖవాళ్ళకి తీరిక లేదు. అడుగున ఉన్నది అప్పటికే చెదపట్టింది.

"అమ్మాయికి నెలలెన్ని?"

"తొమ్మిదో నెల వొచ్చీసినాది బాబూ. వోన కూడా వొచ్చీలాగుంది. నా కూతురు సెట్టుకింద కంటాదా?" అంది పైడమ్మ.

తిప్పనకి మనసు చివుక్కుమంది. ఆ తాఖీదు రాసిన చెయ్యి తనదే. తుమ్ము గురించి వేళాకోళమాడి ఊరుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కాసేపు ఆలోచించి, "మీ ఊరి ముందు పల్లం ఉండాలి కదా, ఎంత లోతు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. తిప్పన తల పంకించి ఆమెను పంపేశాడు.

మృగశిర కార్తె వచ్చింది, తొలివాన పడింది. మర్నాడు కొలువులో తిప్పన లేచి, "ప్రభూ, శాఖ పుట్టి ఏడాది తిరిగింది. తాటివలస ప్రజలు తమ పాదధూళి కోసం ఎదురుచూస్తున్నారు. ఒకసారి దయచేస్తే బాగుంటుంది" అన్నాడు. రాజుగారి మొహం చేటంతయింది. దండపాణిని, తిప్పనని వెంటబెట్టుకుని పల్లకిలో బయలుదేరాడు.

ఊరంతా పల్లానికి అవతల చేతులు జోడించి నిలబడి ఉంది. బోయీలు ఇవతల గట్టున పల్లకి దించారు. పైకి చూస్తే పల్లం తడిసిన నేలలాగే ఉంది.

"ప్రభూ, ఒక మనవి" అన్నాడు తిప్పన. "ఇక్కడ ఏటా ఊరివాళ్ళు రాళ్ళు పోసి దుంగలు పరిచేవాళ్ళు. ఈ ఏడు ఆ పని మన శాఖకు వచ్చింది. అడుగు వేసేముందు కొంచెం చూసుకుంటే…"

"పల్లెటూరి వాళ్ళు చేస్తేనే నడిచే దారి, నా శాఖ చూసుకుంటే నడవకుండా పోతుందా?" అన్నాడు రాజుగారు. ప్రజలు చూస్తున్నారు కదా, కాలినడకన వస్తే ఇంకా మురిసిపోతారని గబగబా నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగుకి తొడలదాకా దిగబడిపోయాడు.

ఎవరూ కదల్లేదు. అవతల ఊరు, ఇవతల బోయీలు, అందరూ భక్తిగా చేతులు జోడించుకునే ఉన్నారు.

"చూస్తారేం? చెయ్యందించండి" అని కేకపెట్టాడు రాజుగారు.

ఊరిపెద్ద సింహాచలం వంగి దండం పెట్టాడు. "మారాజా, మాకు మూడు రోజులు చెరసాల. తమరి తాఖీదే."

"దండపాణీ, నువ్వయినా రా."

దండపాణి నిజాయితీపరుడు, అదే అతనితో వచ్చిన చిక్కు. అప్పటికే సంచీలోంచి పత్రం తీసి ఉన్నాడు. "క్షణంలో అయిపోతుంది ప్రభూ. విన్నపదారు నామధేయం?"

"నా పేరు నీకు తెలీదటయ్యా?"

"నాకు తెలుసు ప్రభూ. పత్రానికి తెలియాలి." రాసుకున్నాడు. "బురద తమరు దిగబడకముందే ఉన్నదా, దిగబడ్డాక ఏర్పడిందా? ముందే ఉన్నదంటే అది దారి విభాగం. తరవాత ఏర్పడిందంటే గోతుల విభాగం."

"ముందే ఉంది, ముందే ఉంది."

"లోతు?"

"తొడలదాకా." రాజుగారు కాలు లాక్కోబోయి ఇంకాస్త దిగాడు. "ఇప్పుడు నడుందాకా."

"ఏదో ఒకటే చెప్పాలి ప్రభూ. ఇలా మారుతూ ఉంటే పత్రం చెల్లదు."

రాజుగారికి కోపం, భయం రెండూ కలిసి వచ్చాయి. "ఆ తాఖీదు రద్దు చేస్తున్నాను. రాసుకో తిప్పనా."

తిప్పన గంటం తీసి బుద్ధిగా రాశాడు. "రాశాను ప్రభూ. ముద్ర వెయ్యాలి. ముద్ర కోటలో ఉంది. మంచి గుర్రమైతే సాయంత్రానికి వచ్చేస్తుంది."

కీర్తిచంద్ర భూపతి అటు చూశాడు, ఇటు చూశాడు. బిరుదులు చదివేవాళ్ళు కూడా వెంట వచ్చారు గాని, వాళ్ళూ నోరు మూసుకునే ఉన్నారు. ఆయన గొంతులో రాజరికం పోయింది. "బాబుల్లారా, నాకు భయంగా ఉంది. తప్పంతా నాది, శిక్షపడితే నేను పడతాను. ఎవరైనా రండయ్యా."

ఆ మాట కోసమే ఉన్నట్టు జనంలోంచి పైడమ్మ ముందుకొచ్చింది. నెత్తిమీది తాటిచాపల్లో ఒకటి తీసి బురద మీద పరిచింది. దాని ముందు ఇంకోటి పరిచింది.

"కాలు పైకి నాగకు మారాజా. ఎంత నాగితే అంత దిగబడిపోతావు. ఎనక్కి వాలి కూకో, మంచం మీద కూకున్నట్టు" అంది.

రాజుగారు బుద్ధిగా వెనక్కి వాలాడు. చాపల మీద పదిమంది బోర్లా పడుకుని చేతులు పట్టుకున్నారు. తమలపాకు నమిలి ఉమ్మినంతలో ఆయన అవతలి గట్టుమీద ఉన్నాడు, చెప్పులు మాత్రం బురదకి వదిలేశాడు. తిప్పన, దండపాణి కూడా ఆ చాపల మీదుగానే దాటి వచ్చారు.

పైడమ్మ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, వేపచెట్టు కింద కూర్చోబెట్టి అంబలి పోసింది. పక్కనే నెలలు నిండిన నూకాలు లేవలేక లేచి దండం పెట్టింది. వానకి తడిసిన చాపలు, కాలిన ఇంటి గుంజలు, ఆ పిల్ల కడుపు, అన్నీ రాజుగారు చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. అంబలి ముంత కింద పెట్టి తిప్పన వైపు తిరిగాడు.

"నేను దిగబడతానని నీకు తెలుసు."

"తెలుసు ప్రభూ. చెప్పబోయాను కూడా."

"మునిగిపోయేవాణ్ణే."

"లేదు ప్రభూ. నడుందాకే లోతు, కింద చట్టు రాయి ఉంది. ముందే కనుక్కున్నాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే నాకంత భయం వేసేది కాదు కదా."

"అందుకే చెప్పలేదు ప్రభూ. పైడమ్మకి మూడు నెలలనుంచి ఉన్న భయం, తమకి మూడు విఘడియలైనా తెలియాలి కదా."

దండపాణి ఇది రాజద్రోహమన్నాడు. రాజుగారు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఆయనకు కోపం రాలేదు, మనసు మాత్రం బాగా నొచ్చుకుంది.

"సరే తిప్పనా. అన్నీ వీళ్ళే చేసుకోగలిగితే మరి నేనెందుకు? సింహాసనం మీద కూర్చుని విసనకర్రతో విసిరించుకోవడానికా? వీళ్ళ కష్టం చూసి నా కడుపు తరుక్కుపోబట్టే ఆ శాఖ పెట్టాను. అది అబద్ధం కాదు."

"కాదు ప్రభూ" అన్నాడు తిప్పన, ఈసారి వేళాకోళం లేకుండా. "అటు చూడండి. ఆ తోపు కనిపిస్తోందా? నడుంలోతు బురదలోంచి రాజుని లాగేసిన ఈ ఊరు, మూడు నెలలనుంచి ఆ తోపులోంచి ఒక్క ఆకు తెచ్చుకోలేకపోయింది. బల్లేలున్నాయి. ఆ బల్లేలు పక్కకి జరగాలంటే ఊరంతా కలిసినా చాలదు, తమ మాట ఒక్కటే చాలు. అలాంటి పనులు తమకి కావలసినన్ని ఉన్నాయి. మోపు మొయ్యడం మాత్రం వీళ్ళకి వదిలెయ్యండి."

ఊరిపెద్ద సింహాచలం కలగజేసుకున్నాడు. "మారాజా, నాను కుర్రోడిగా ఉన్నప్పుడు ఊరు ఊరంతా కాలిపోనాది. ఒక్క కొంప మిగల్లేదు. ఎవలు ఎవలికి మోపు తెస్తారు? అప్పుడు మీ నాయిన దొరవారు వొచ్చి గాదెలు ఇప్పించినారు, తోపులు తెరిపించినారు. ఇప్పటికీ ఆయన పేరు సెప్పుకుంటాం. ఒక ఇల్లు కాలితే ఊరుంది బాబూ. ఊరే కాలితే రాజుండాల."

రాజుగారు తల ఊపాడు. అయినా రాజు కదా, చివరి పట్టు ఒకటి పట్టాడు. "ఊరంతా కలిసి ఎవరో ఒక ఇంటివాళ్ళని చూడనట్టు వదిలేసి, వాళ్ళకి మోపు తేకపోతే?"

తిప్పన చేతులు జోడించాడు. "అప్పుడు తమరే రావాలి ప్రభూ, నేను పిలవకముందే. ఆ మాట నాకు తట్టలేదు. తాఖీదులో రాసుకుంటాను."

తన మాట తిప్పన తాఖీదుకెక్కడం ఇదే మొదటిసారి అన్నంత సంతోషం వేసింది రాజుగారికి. లేచి బురద కాళ్ళతోనే తోపుకు నడిచాడు. కాపలావాళ్ళు ముందు ఎవరో అనుకున్నారు, తరవాత గుర్తుపట్టి బల్లేలు దించారు.

ఇక ఊరిని పట్టేవాడెవడు. ఏడాదిగా ఊరికే ఉన్న చేతులు మరి. ఆకు తెగింది, మోపులు లేచాయి, వాసాలు నిలబడ్డాయి. పైడమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్క మోపూ లోపలికి రానిచ్చింది. ముప్పై ఎనిమిది ఇళ్ళు, ముప్పై ఎనిమిది మోపులు. అవన్నీ కప్పేశాక చూస్తే వాయవ్యం మూల ఇంకా కొంచెం ఆకాశం కనిపిస్తోంది.

"ఒకింటి మోపు తగ్గినాది" అంది పైడమ్మ.

"అందరిదీ వచ్చిందిగా" అన్నాడు సింహాచలం.

పైడమ్మ మొహమాటపడలేదు. "కోట కూడా ఇల్లే కదేటి" అంది, రాజుగారి వైపు చూస్తూ.

దండపాణి నోరు తెరిచాడు. అతను మాట్లాడేలోపే రాజుగారు కిరీటం తీసి అతని చేతిలో పెట్టి తోపులోకి వెళ్ళాడు. ఎవరి సాయం తీసుకోలేదు. ఆకు తనే ఏరుకున్నాడు, కట్టు తనే కట్టాడు, మోపు నెత్తిన పెట్టుకుని మెడ అటూ ఇటూ ఊగుతుంటే తెచ్చి పైడమ్మ ముందు పడేశాడు.

ఆమె వంగి కట్టు చూసింది, ఆకు తిరగేసి చూసింది. "కట్టు వొదులు. ఆకు కూడా లేతది, అట్టే కాలం రాదు" అంది. మోపు ఎత్తుకుని, "పోన్లే, మొదటిసారి కదా" అని వాయవ్యం మూలకి అందించింది.

కీర్తిచంద్ర భూపతి పగలబడి నవ్వాడు. అన్ని బిరుదులు విని కూడా ఆయన ఎప్పుడూ అంత హాయిగా నవ్వలేదు. మెళ్ళో ముత్యాలహారం తీసి, బురద తుడిచి మరీ తిప్పన మెడలో వేశాడు. మర్నాడు కోట నుంచి ముద్ర వేసిన తాఖీదు వెలువడింది. తోపులు ప్రజలవి. సాయానికి శిక్ష లేదు. ఆపదుద్ధరణ శాఖ ఊళ్ళకు ఊళ్ళు దెబ్బతిన్నప్పుడూ, ఊరు చెయ్యి వదిలేసిన వాళ్ళకూ మాత్రమే. కొట్లలో మగ్గుతున్న తాటాకు ఊరూరికీ చేర్పించే పని దండపాణికి అప్పగించారు, ఆ పని అతను పత్రాలు పెట్టుకుని బాగానే చేశాడు.

నాలుగో రోజున నూకాలు కొత్త ఇంట్లో ఆడపిల్లను కన్నది. ఆ రోజంతా కుండపోతగా వాన. ఇల్లంతా పొడిగానే ఉంది గాని, వాయవ్యం మూల మాత్రం కురిసింది. పైడమ్మ అక్కడ ఒక కుండ పెట్టి, ఎవరికీ విన్నపం పెట్టుకోలేదు. వాన వెలిశాక పక్కింటివాడు నిచ్చెన వేసుకుని ఎక్కి రాజుగారి మోపు విప్పి మళ్ళీ కట్టాడు.